పసిపిల్లల కాళ్ళ వంకరలు: సహజమేది? రోగమేది?

హైదరాబాదులోని సుల్తాన్ బజారులో సాయంకాలమున ఒక అరగంట నిలిచి, వచ్చుపోవు పిల్లల ముఖములను గాక కాళ్ళను గమనించినచో ఒక చిత్రమైన సంగతి కనిపించును. తల్లి చంకనున్న ఆరునెలల పాప పిక్కలు విల్లువలె వంగి, పాదములు లోపలికి తిరిగియుండును. అప్పుడప్పుడే నడక నేర్చిన ఏడాది బాలుడు పాదములను దగ్గరగా పెట్టి నిలిచినను, అతని మోకాళ్ళ నడుమ రెండు మూడు వ్రేళ్ళు దూరునంత సందు మిగులును. నాలుగేండ్ల బాలిక కాళ్ళు ఇందుకు తారుమారు. ఆమె మోకాళ్ళు ఒకదానినొకటి ఒరసికొనుచుండగా, చీలమండలు దూరదూరముగా నుండును. పదేండ్ల బాలుని కాళ్ళు మాత్రము పెద్దల కాళ్ళవలెనే తిన్నగా నుండును.

ఈ నలుగురును ఒకే యింటి బిడ్డలు కావచ్చును. తిండి యొకటే, నీరొకటే. కాళ్ళు మాత్రము నాలుగు తీరులు. అయినను వీరిలో ఎవరికిని రోగము లేదు. చిన్నవారు మువ్వురును పదేండ్ల అన్న నడచివచ్చిన త్రోవలోనే నడచుచున్నారు. మానవుని కాళ్ళు పుట్టుకతోనే తిన్నగా నుండవు; అవి వంగి, నిలిచి, మరియొక వైపునకు వంగి, తుదకు నిలుకడకు వచ్చును. ఈ క్రమము తెలియనందువలన రెండు విధములైన కీడులు కలుగుచున్నవి. రోగము లేని బిడ్డకు కట్లు, పట్టీలు, ఖరీదైన బూట్లు తగిలింతురు. నిజముగా రోగమున్న బిడ్డను “పెద్దయిన పిదప అదే పోవును” అని ఉపేక్షింతురు. ఈ రెండవ పొరపాటునకు ఎంత మూల్యము చెల్లింపవలసి వచ్చునో చూపుటకు నల్లగొండ జిల్లా యొక్కటే చాలును. ఆ కథను ముందు చెప్పుకొందము.

గర్భములోని మడత

సుల్తాన్ బజారు ప్రభుత్వ ప్రసూతి వైద్యశాలలోగాని, మరి యే ఆసుపత్రిలోగాని, అప్పుడే పుట్టిన శిశువును చూచినచో దాని కాళ్ళు తొడలవద్దను మోకాళ్ళవద్దను ముడుచుకొని యుండును. బలవంతముగా చాచబోయినను అవి పూర్తిగా చాచుకొనవు. ఇందుకు కారణము తేటతెల్లము. గర్భాశయములో చోటు తక్కువ. చివరి మాసములలో శిశువు తొడలను కడుపునకు ఆనించి, పిక్కలను ఒకదానిపై నొకటి మడిచి, పాదములను లోపలికి త్రిప్పి సర్దుకొని యుండును. ఆ సర్దుబాటు గుర్తులే పుట్టిన పిదప కొన్ని నెలలు, కొందరిలో ఒకటి రెండేండ్లు కనిపించును.

కావున శిశువు కాళ్ళు వంకరగా నుండుటకు తల్లి ఎత్తుకొన్న తీరు గాని, లంగోటీ కట్టిన తీరు గాని, తొందరపడి నిలబెట్టుట గాని కారణము కాదు. బిడ్డను చంకనెత్తుకొన్నప్పుడు దాని కాళ్ళు తల్లి నడుమునకు ఇరువైపుల విడివడి యుండును. ఇది తుంటికీళ్ళకు మేలుచేయు భంగిమ. శిశువుల కాళ్ళను చాచి గుడ్డతో బిగించి చుట్టు ఆచారమున్న దేశములలో తుంటికీలు జారుట ఎక్కువగాను, విడికాళ్ళతో మోయు ఆచారమున్న చోట్ల తక్కువగాను కనిపించుచున్నది.

దొడ్డికాళ్ళనుండి ఒరపుమోకాళ్ళవరకు

తొడ ఎముక నడుమగా ఒక గీతను, పిక్కలోని పెద్ద ఎముకయైన అంతర్జంఘిక నడుమగా మరియొక గీతను గీచితిమనుకొందము. ఈ రెండు గీతలు మోకాలివద్ద కలిసి ఒక కోణము నేర్పరచును. మోకాళ్ళు వెలుపలికి వంగి దొడ్డికాళ్ళుగా నుండుట ఒక వైపు. మోకాళ్ళు లోపలికి వంగి ఒరసికొనుట రెండవ వైపు.

ఫిన్లండు దేశములో సలేనియస్, వంక్కా అను వైద్యు లిరువురు వెయ్యిమందికి పైగా పిల్లల ఎక్స్‌రే చిత్రములలో ఈ కోణమును కొలిచి 1975 లో ప్రకటించిరి. వారు చూపిన క్రమము నేటికిని పాఠ్యగ్రంథములలో నిలిచియున్నది. పుట్టినప్పుడు కాళ్ళు వెలుపలికి సుమారు 10 మొదలు 15 డిగ్రీలు వంగియుండును. ఏడాదిన్నర, రెండేండ్ల ప్రాయమున తిన్ననగును. అంతటితో ఆగక, వంపు రెండవ వైపునకు దాటిపోయి, మూడు నాలుగేండ్లనాటికి మోకాళ్ళు లోపలికి సుమారు 10, 12 డిగ్రీలవరకు వంగును. పిమ్మట మెల్లగా తగ్గి, ఏడేండ్లనాటికి 5, 6 డిగ్రీలవద్ద నిలిచిపోవును. మన దేశమున చండీగఢ్, వేలూరు నగరముల వైద్యులు కూడ పిల్లల కాళ్ళను కొలిచి, 2010, 2013 సంవత్సరములలో ఫలితములను ప్రచురించిరి. జాతినిబట్టి, ప్రాంతమునుబట్టి ఘట్టములు ఒకటి రెండేండ్లు అటునిటు కావచ్చునుగాని, పెద్ద వరుస మాత్రము మారదు.

తుదకు మిగిలిన ఆ 5, 6 డిగ్రీలు ఎందులకు? తుంటికీళ్ళు రెండును ఒకదానికొకటి ఎడముగా నుండును. తొడ ఎముకలు అక్కడనుండి లోపలికి వాలుటవలన మోకాళ్ళును పాదములును శరీరపు నడిమిగీతకు సమీపించును. నడకలో ప్రతి అడుగునను ఒక క్షణము ఒంటికాలిపై నిలువవలసియున్నది గదా! పాదము నడిమిగీతకు ఎంత దగ్గరగా నున్నచో తూగుట అంత తక్కువ. రెండు కాళ్ళపై నడచు జంతువునకు ఈ స్వల్పమైన వాలు అవసరము.

ఎముక తన్ను తాను సరిదిద్దుకొను విధము

పిల్లల ఎముకల కొనలవద్ద మృదులాస్థితో నేర్పడిన పలుచని పొర యొకటి కలదు. దీనినే పెరుగుదల పలక యందురు. ఎముక పొడవు పెరుగునది ఇక్కడనే. కాలి పొడవులో సుమారు మూడింట రెండు పాళ్ళు మోకాలి పైనను క్రిందను ఉన్న రెండు పలకలనుండియే వచ్చును. కాలి వంకర గూర్చిన కథ యంతయు మోకాలి చుట్టునే తిరుగుటకు కారణమిదియే.

పందొమ్మిదవ శతాబ్దమున హ్యూటర్, ఫోక్‌మన్ అను జర్మను వైద్యులు ఒక సూత్రమును గుర్తించిరి. పెరుగుదల పలకపై ఒత్తిడి మితిమీరినచో అక్కడ పెరుగుదల మందగించును. ఒత్తిడి తగ్గినచో వేగిరపడును. వయసునకు తగిన వంపుల విషయమున, కండరముల బలము, బరువు ఆనుతీరు, పుట్టుకతో వచ్చిన ఆజ్ఞ, ఇవన్నియు కలిసి పలక రెండు అంచులను సరియైన పాళ్ళలో పెంచును. పైనుండి ఎవ్వరును వంచకయే ఎముక తన దారికి వచ్చును.

అయితే ఈ సూత్రమునకు ఒక హద్దు కలదు. వంపు మితిమీరినచో లోపలి అంచుపై బరువు విపరీతముగా పడి, అక్కడ పెరుగుదల దాదాపు ఆగిపోవును. వెలుపలి అంచు పెరుగుచునే యుండును. దానితో వంపు హెచ్చును. వంపు హెచ్చుటచే ఒత్తిడి ఇంకను పెరుగును. ఇట్టి విషవలయమునే అమెరికా వైద్యుడు బ్లౌంట్ 1937 లో వర్ణించెను. ఆ వ్యాధి నేటికిని ఆయన పేరనే పిలువబడుచున్నది. రెండేండ్లు దాటిన పిదప కూడ తగ్గక పెరుగుచున్న దొడ్డికాళ్ళను వైద్యులు తేలికగా తీసికొనకపోవుటకు కారణమిది.

పాదములు లోపలికి తిరుగుట

వంపు ఒక సంగతి. మెలి మరియొక సంగతి. కొందరు పిల్లలు నడచునప్పుడు బొటనవ్రేళ్ళు ఒకదానికొకటి ఎదురుగా తిరిగి, తరచుగా తట్టుకొని పడుచుందురు. ఈ మెలికి మూడు చోట్లు కలవు. మూడింటికిని ప్రత్యేకమైన వయసులు కలవు.

మొదటిది పాదము. అరికాలిని చూచినచో చిక్కుడుగింజవలె లోపలికి వంగియుండును. ఇది పుట్టినది మొదలు ఏడాదిలోపల కనిపించును. వ్రేలితో మెల్లగా నొక్కినప్పుడు తిన్నగా వచ్చు పాదము చాలవరకు తనంతట తానే బాగుపడును. నొక్కినను లొంగని బిగుసు పాదమును, మడమతో సహా లోనికి క్రిందికి తిరిగిన పాదమును మాత్రము వెంటనే వైద్యునికి చూపవలెను.

రెండవది పిక్క ఎముక. ఇది ఒకటి మొదలు మూడేండ్లవరకు కనిపించును. మోకాలిచిప్ప ముందునకే చూచుచుండును. పాదము మాత్రము లోపలికి తిరుగును. పుట్టినప్పుడు అంతర్జంఘిక సగటున 5 డిగ్రీలు మాత్రమే వెలుపలికి తిరిగియుండి, పెద్దవారిలో 15 డిగ్రీలకు చేరును. కొందరి విషయమున ఈ మెలి విప్పుకొనుట ఆలస్యమగును. అంతకుమించి వేరు దోషము లేదు.

మూడవది తొడ ఎముక. ఇది మూడు మొదలు ఆరేండ్లవరకు, బాలురకన్న బాలికలలో ఎక్కువగా కనిపించును. ఇందులో మోకాలిచిప్పలు కూడ ఒకదానివైపొకటి చూచుచుండును. తొడ ఎముక మెడ శిశువునందు సుమారు 40 డిగ్రీలు ముందునకు తిరిగియుండును. పెద్దయగుసరికి అది సుమారు 15 డిగ్రీలకు తగ్గును. ఈ మెలి విప్పుకొనుట ఎనిమిది పదేండ్లవరకు సాగుచుండును.

ఇట్టి పిల్లలు సక్లముక్లము, అనగా బాసిపట్టు వేసికొని కూర్చుండుటకు కష్టపడి, మోకాళ్ళు ముందునకు పెట్టి పిక్కలను ఇరువైపుల వెనుకకు పరచి కూర్చుందురు. “అట్లు కూర్చుండుటవలననే కాళ్ళు చెడినవి” అని పెద్దలు మందలింతురు. నిజమునకు కార్యకారణములు ఇక్కడ తలక్రిందులైనవి. తొడ ఎముక మెలివలన ఆ కూర్చుండు తీరు సులభమైనదే గాని, కూర్చుండుటవలన మెలి పుట్టలేదు. ఎముక విప్పుకొన్నకొలది బాసిపట్టు దానంతట అదే కుదురును.

అమెరికాలోని సియాటిల్ నగర వైద్యుడు లిన్ స్టాహేలీ 1985 లో తన సహచరులతో కలిసి, ఆరోగ్యవంతులగు పిల్లలు, పెద్దలు మొత్తము ఐదువందలమంది కాళ్ళను, అనగా వెయ్యి కాళ్ళను కొలిచి, ఏ వయసున ఎంత మెలి సహజమో చూపు పటములను తయారుచేసెను. సహజమనగా ఒకే అంకె కాదు, ఒక విశాలమైన పరిధి అని ఆ పటములు స్పష్టము చేసినవి.

మొక్కై వంగనిది మానై వంగునా?

ఈ సామెతను శిక్షణ విషయమున వాడినంత కాలము చిక్కు లేదు. కాళ్ళకు వర్తింపజేసినప్పుడే చిక్కు. విచిత్రమేమనగా, ఎముకల వైద్యశాస్త్రమునకు గుర్తు కూడ ఇట్టిదే. 1741 లో ఫ్రెంచి వైద్యుడు నికొలా ఆండ్రీ, తిన్ననైన అనియు, బిడ్డ యనియు అర్థమిచ్చు రెండు గ్రీకు మాటలను కలిపి “ఆర్థోపెడీ” అను పేరుతో ఒక గ్రంథమును వ్రాసెను. వంకర చెట్టును నిటారుగా నున్న కొయ్యకు త్రాటితో కట్టిన బొమ్మ అందు కలదు. నేటికిని ప్రపంచమందంతట ఎముకల వైద్యులకు అదే చిహ్నము.

ఆ బొమ్మ ప్రభావము వైద్యులపైనను చాలాకాల ముండెను. ఇరువదవ శతాబ్దములో రెండు బూట్లను ఇనుపపట్టీతో కలిపి రాత్రులందు తొడిగించుట, నడుమునుండి పాదమువరకు మెలిపెట్టిన తీగలను కట్టుట వాడుకలో నుండెను. పిల్లల కాళ్ళు బాగుపడినవి. కీర్తి పట్టీలకు దక్కెను. కట్లు కట్టని పిల్లలను కూడ పోల్చి చూచినప్పుడు, వారి కాళ్ళును అదే కాలములో అట్లే బాగుపడినట్లు తేలెను. విద్యార్థులు గుర్తుంచుకొనవలసిన శాస్త్రపాఠమిది: ఒక చికిత్స తరువాత మేలు కలిగినంత మాత్రమున, ఆ చికిత్సవలననే కలిగినదని చెప్పరాదు. పోల్చుటకు చికిత్స లేని జట్టు ఉండవలెను.

బూట్ల సంగతియు నిట్టిదే. అరికాలు చదునుగా నున్న 129 మంది పసిపిల్లలను అమెరికాలో వెంగర్, ఆయన సహచరులు మూడేండ్లు పరిశీలించి 1989 లో ఫలితములను ప్రకటించిరి. ప్రత్యేకమైన బూట్లు, లోపలి దిండ్లు వాడినవారికిని, మామూలు బూట్లు వాడినవారికిని తేడా కనిపింపలేదు. అరికాలి వంపు అందరిలోను పెరిగెను. మన పొరుగున కర్ణాటకలోని మణిపాల్ వైద్యులు రావు, జోసెఫ్ 2,300 మంది పిల్లల పాదముద్రలను సేకరించి 1992 లో తెలిపినది ఇంకను ఆసక్తికరము. చిన్ననాటినుండి పాదరక్షలు తొడిగినవారిలో నూటికి 8.6 మందికిని, తొడగనివారిలో నూటికి 2.8 మందికిని చదునుపాదములుండెను. పాదరక్ష గాజుపెంకులనుండి, ముండ్లనుండి, పురుగులనుండి కాపాడును. దాని పని అంతవరకే. అది పాదమునకు సరిపడినంత వెడల్పుతో, మెత్తగా, వంగునట్లు ఉన్నచో చాలును. కాలిని సరిచేయునని చెప్పి అమ్మబడు బూటుకు హెచ్చు వెల పెట్టనక్కరలేదు.

నూనెతో మర్దనచేసి స్నానము చేయించుట బిడ్డకు హాయి నిచ్చును. కాని ఎముక తిన్ననగునని కాళ్ళను గట్టిగా లాగి వంచరాదు.

నల్లగొండ నేర్పిన పాఠము

ఇంతవరకు చెప్పినది సహజమైన వంపు గూర్చి. ఇక రోగము సంగతి. హైదరాబాదునకు సుమారు నూరు కిలోమీటర్ల దూరముననే నల్లగొండ కలదు. అక్కడి నల్లరాతి పొరలలోని ఖనిజములనుండి ఫ్లోరైడు కరగి బావినీటిలో చేరును. మన దేశమున ఫ్లోరైడు వలన ఎముకలు చెడు వ్యాధిని 1937 లో షార్ట్, ఆయన సహచరులు అప్పటి మద్రాసు రాజధానిలో గుర్తించి వర్ణించిరి. నాడు నెల్లూరు జిల్లాలో చేరియున్న పొదిలి, దర్శి ప్రాంతములు వాటిలోనివి. వెన్నెముక బిగుసుకొని, మెడ త్రిప్పలేని పెద్దలే అప్పుడు ఎక్కువగా కనిపించిరి.

1973 లో మరియొక రూపము వెల్లడియైనది. 1918 లో కూనూరున పుట్టి, 1958 లో హైదరాబాదునకు తరలివచ్చిన పరిశోధనాలయమే నేటి జాతీయ పోషకాహార సంస్థ. అందలి శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి, ఫ్లోరైడు ప్రాంతములలోని కౌమారవయస్కులలో మోకాళ్ళు విపరీతముగా లోపలికి వంగుటను, ఎముకలు గుల్లబారుటను “లాన్సెట్” వైద్యపత్రికలో ప్రకటించిరి. నాలుగేండ్ల పిల్లలలో తాత్కాలికముగా కనిపించు వంపే, తగ్గిపోవలసిన వయసున తగ్గక, ఏటేట పెరిగి నడకకే అడ్డుపడెను. ఫ్లోరైడు ఎముకలోని సున్నపు స్ఫటికములలో చొచ్చును. ఆహారములో కాల్షియము కూడ తక్కువైనచో, వేగముగా పెరుగుచున్న మోకాలి ప్రాంతపు ఎముక మెత్తబడి శరీరపు బరువునకు వంగును. జొన్నయే ముఖ్యాహారమైనచోట, అందలి మాలిబ్డినము శరీరములోని రాగిని తగ్గించుట కూడ ఒక కారణము కావచ్చునని ఆ సంస్థ శాస్త్రజ్ఞులు అభిప్రాయపడిరి.

ఈ వ్యాధికి కట్లు కట్టుట మందు కాదు. నీరు మార్చుటయే మందు. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు 1.5 మిల్లిగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించినది. పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును తేర్చివేయు పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 1970 దశకములో రూపొందించెను. లోకమున దానికి “నల్లగొండ పద్ధతి” యనియే పేరు. 2016 లో ఆరంభమైన మిషన్ భగీరథ పథకముచే నదీజలము ఇంటింటికి చేరుట మొదలైనది. కాని ఒకసారి గట్టిగా వంగిపోయిన ఎముక, మంచినీరు త్రాగినంత మాత్రమున తిరిగి తిన్నన కాదు. ముందే గుర్తించుటలోని విలువ అదియే.

రికెట్స్ వ్యాధి మరియొకటి. విటమిన్ డి గాని, కాల్షియము గాని చాలక ఎముక గట్టిపడదు. ఎండ మెండుగా నున్న మన నాట ఈ లోపమేల యని తోచవచ్చును. ఇంటి లోపలనే గడపు జీవితము, ఒడలంతయు కప్పు దుస్తులు, చర్మపు నల్లని వన్నె, ఇవన్నియు ఎండవలన చర్మములో తయారగు విటమినును తగ్గించును. తల్లిపాలలో ఇది స్వల్పము. కావుననే పుట్టినది మొదలు ఏడాది నిండువరకు శిశువునకు దినమునకు 400 యూనిట్లు ఇప్పింపవలెనని పిల్లల వైద్యులు చెప్పుచున్నారు.

ఎప్పుడు అనుమానింపవలెను?

ఉపాధ్యాయులును తలిదండ్రులును ఈ క్రింది గుర్తులను జ్ఞాపకముంచుకొన్నచో చాలును.

1. ఒక కాలు మాత్రమే వంగుట, లేదా రెండింటికిని చాల తేడా యుండుట.

2. దొడ్డికాళ్ళు రెండేండ్లు దాటిన పిదప తగ్గక పెరుగుచుండుట.

3. మోకాళ్ళు ఆనించి నిలిచినప్పుడు చీలమండల నడుమ సందు, ఏడేండ్లు దాటిన పిదప కూడ 8 సెంటీమీటర్లకు మించుట, లేదా ఏటేట హెచ్చుట.

4. నొప్పి, కుంటు, తోటిపిల్లలకన్న మిక్కిలి పొట్టిగా నుండుట.

5. మణికట్టులు లావెక్కుట, ప్రక్కటెముకలపై పూసలవంటి గడ్డలు, ఆలస్యముగా నడచుట: ఇవి రికెట్స్ లక్షణములు. పండ్లపై సుద్దవంటి లేక గోధుమరంగు చారలు ఫ్లోరైడును సూచించును.

వీటిలో ఏ యొక్కటి యున్నను వైద్యునికి చూపవలెను. ఉస్మానియా వైద్యశాలలోను, తొలుత ఎముకల ఆసుపత్రిగా వెలసిన నిజాం వైద్య విజ్ఞాన సంస్థలోను ఇట్టి చికిత్సకు విభాగములు కలవు. రికెట్స్ మందులతో నయమగును. మెత్తబడిన ఎముక గట్టిపడినకొలది చిన్నపిల్లల వంపు కూడ చాలవరకు తగ్గును. మిగిలిన వంపునకు పెరుగుదల పలక ఒక అంచున చిన్న లోహపు బిళ్ళను బిగించి, రెండవ అంచు పెరుగుటచే కాలు తిన్ననగునట్లు చేయుదురు. ఈ సులువైన చికిత్సకు ఎముకలో ఇంకను పెరుగుదల మిగిలియుండవలెను. బాలికలకు సుమారు 14, బాలురకు సుమారు 16 ఏండ్లకు ఆ తలుపు మూసికొనును. అటుపిమ్మట ఎముకను కోసి సరిచేయుటయే గతి. సైన్యములో చేరగోరిన యువకుడు, మోకాళ్ళు ఒరయుచున్నవని వైద్యపరీక్షలో తిరస్కరింపబడినప్పుడు గాని సంగతి గ్రహింపకున్నచో, సులభమైన ఉపాయమునకు కాలము మించిపోయి యుండును. ఉన్నత పాఠశాలలో చదువు సంవత్సరములే చివరి అవకాశము.

తరగతిలో ఒక ప్రయోగము

నల్లని గచ్చునేలపై తిన్నగా మూడు మీటర్ల సుద్దగీత గీయవలెను. విద్యార్థి పాదములను నీటిలో తడిపి, గీత వెంబడి మామూలుగా నడువవలెను. ఆరకముందే ప్రతి తడిముద్రలో మడమ నడిమినుండి రెండవ వ్రేలి మొదటికి గీత గీచి, అది సుద్దగీతతో చేయు కోణమును కోణమానినితో కొలువవలెను. వెలుపలికి తిరిగినచో ధనము, లోపలికి తిరిగినచో ఋణము. ఎడమ, కుడి పాదములకు వేరువేరుగా సగటు తీయవలెను. తరగతి యంతటి అంకెలను పటముగా గీచినచో, ఎక్కువమంది స్వల్పముగా వెలుపలికి తిరిగియుండుటయు, అటునిటు కొందరు చెదరియుండుటయు కనిపించును. ఎవ్వరి అంకెయు మరియొకరి అంకెవలె నుండదు.

ప్రయోగమునకు ముందే ఉపాధ్యాయుడు ఒక నియమము చేయవలెను: పటములో పేర్లుండరాదు, ఎవ్వరి నడకనుగూర్చియు ఎవ్వరును నవ్వరాదు. దొడ్డికాళ్ళవాడని ఎగతాళి చేయబడిన బాలుడు ఆటస్థలమునకు దూరమగును. అతని ఎముకలకు కావలసిన ఎండయు వ్యాయామమును దొరకునది ఆ ఆటస్థలముననే గదా!

బిడ్డ కాళ్ళకు కావలసినది కట్టుకొయ్య కాదు. మంచినీరు, పాలు, రాగులు, ఆకుకూరలు, ఎండ, పరుగెత్తుటకు చోటు, వీటితోపాటు ఏటేట ఒకసారి శ్రద్ధగా చూచు కన్నులు కావలెను. తగ్గుచున్న వంకరను కాలమునకు వదలవచ్చును. పెరుగుచున్న వంకరను వైద్యునికి చూపవలెను.